గుమ్మడికాయ ఆఖర్న కొనండి: అమెరికాలో దసరా నుంచి థ్యాంక్స్‌గివింగ్ దాకా ఏది ఎంచుకోవాలి

సెప్టెంబర్ మూడో వారం వచ్చేసరికి షికాగో పక్కన మా నేపర్‌విల్‌లో ప్రతి కిరాణా షాపు గుమ్మం ముందూ గుమ్మడికాయలు పోసేస్తారు. నడుమెత్తు అట్టపెట్టెల నిండా, నారింజ రంగులో, ఒక్కోటి ఏడాది పిల్లాడంత బరువు. పాల కోసం లోపలికెళ్ళినా సరే, బయటికొచ్చేసరికి బండిలో ఒకటి ఉంటుంది. ఆ కాయ తెచ్చి గుమ్మంలో పెట్టగానే పండగల పని సగం అయిపోయినట్టు అనిపిస్తుంది. తర్వాత దసరా, హాలోవీన్, దీపావళి ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తాయి. నవంబర్ పదో తారీఖున ఎవరో ఫోన్ చేసి "థ్యాంక్స్‌గివింగ్‌కి ఎటెళ్తున్నారు?" అంటారు. అప్పుడు టికెట్లు తెరిచి చూసి గుండెలు బాదుకుంటాం. విరాళాల సంగతి డిసెంబర్ 31 రాత్రి పదకొండింటికి గుర్తొస్తుంది.

పన్నెండేళ్ళ పాటు మా ఇంట్లో జరిగింది ఇదే. ఈ వరుస తిరగేయాలని మూడేళ్ళ కిందట తెలిసొచ్చింది. టికెట్ రోజులు గడిచేకొద్దీ పెరుగుతుంది, కాబట్టి ముందు ప్రయాణం తేల్చాలి. దానానికి టాక్సు లెక్కా, ఆఫీసు గడువూ ఉంటాయి, అది రెండోది. గుమ్మడికాయ ఒక్కటే హాలోవీన్ దగ్గరపడేకొద్దీ చవకవుతుంది, కాబట్టి అది ఆఖర్న. నిజానికి తొందరపడి చెక్కిన కాయ పండగ దాకా నిలవదు కూడా.

ఈ ఏడాది, అంటే 2026లో, విజయదశమి అక్టోబర్ 20 మంగళవారం. హాలోవీన్ అక్టోబర్ 31 శనివారం పడింది. దీపావళి నవంబర్ 8 ఆదివారం, అమెరికన్లు ఇంటిల్లిపాదీ కలిసి భోంచేసే థ్యాంక్స్‌గివింగ్ పండగ నవంబర్ 26. నవంబర్ నాలుగో గురువారం అని 1941లో ఇక్కడి పార్లమెంటు అయిన కాంగ్రెస్ చట్టం చేసినప్పటినుంచీ అది ఆ వారమే.

ప్రయాణం: ఊరికా, చుట్టాలింటికా, కొండలకా

ఊరికెళ్ళాలని ఉంటే నా సలహా కాస్త కటువుగా ఉంటుంది: థ్యాంక్స్‌గివింగ్ సెలవు నాలుగు రోజులు చూసుకుని దానికి అటో వారం ఇటో వారం అతికించి ఇండియా వెళ్ళకండి. వెళ్ళడానికి ఒకటిన్నర రోజు, రావడానికి ఒకటిన్నర రోజు, జెట్‌లాగ్ తేరుకునేసరికి తిరుగు ప్రయాణం. వెళ్తే దసరాకి వెళ్ళండి, లేదా క్రిస్మస్ సెలవులకి వెళ్ళండి. ఈ రెండిట్లో అక్టోబర్ టికెట్టు మామూలుగా డిసెంబర్ మధ్యలో దానికంటే చవక. పైగా బతుకమ్మ, దసరా రెండూ దొరుకుతాయి. పిల్లలకి బడి పోతుందనేదే చిక్కు. ఐదో క్లాసు లోపు పిల్లలుంటే నేను అక్టోబరే అంటాను. మిడిల్ స్కూల్‌కి వచ్చాక వాళ్ళే ఒప్పుకోరు.

ఇక్కడ ఒక మాట మర్చిపోతుంటారు. శంషాబాద్‌లో దిగాక ఖమ్మమో తెనాలో వెళ్ళడానికి రైలు కావాలి కదా. 2024 నవంబర్ నుంచి రైల్వే ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గింది. అంటే దసరా ముందు రోజుల టికెట్లు ఆగస్టు మూడో వారంలోనే తెరుచుకుని, మూసుకుపోతాయి. విమానం టికెట్టు ఏప్రిల్‌లో కొన్నవాళ్ళు కూడా దీన్ని మర్చిపోయి, చివరికి ఎనిమిది వేలిచ్చి కారు మాట్లాడుకుంటారు.

వీసా స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకునే పని పెట్టుకున్నవాళ్ళ సంగతి వేరు. 2025 సెప్టెంబర్ నుంచి ఇంటర్వ్యూ లేకుండా పాస్‌పోర్టు డ్రాప్‌బాక్స్‌లో వేసే వెసులుబాటు చాలామందికి పోయింది. ఆ డిసెంబర్‌లో హెచ్‌1బీ ఉద్యోగ వీసా అపాయింట్‌మెంట్లు నెలల తరబడి వాయిదా పడి ఎంతమంది అక్కడే ఇరుక్కుపోయారో అందరం చూశాం. పాస్‌పోర్టులో వీసా గడువు లేకపోతే ఈ శరదృతువులో ఇక్కడే ఉండి, అమ్మానాన్నల్ని రప్పించుకోవడం మేలని నా అభిప్రాయం. పండగ ఎక్కడైనా చేసుకోవచ్చు, ఉద్యోగం అక్కడినుంచి చెయ్యలేం.

ఇక ఇక్కడే తిరిగేవాళ్ళకి కారా, విమానమా అన్న ప్రశ్న. మా పిన్ని కూతురు డెట్రాయిట్ దగ్గర ఉంటుంది, మా నుంచి 300 మైళ్ళ లోపే. మా మరిది డల్లాస్‌లో, 900 మైళ్ళ పైనే. మొదటిదానికి విమానం అసలు ఆలోచించక్కర్లేదు. ఓహేర్ ఎయిర్‌పోర్టు చేరడానికి గంట, రెండు గంటల ముందుండాలి, ఎగిరేది గంటంపావు, దిగాక సామాను, మళ్ళీ కారు. అన్నీ కలిపితే రోడ్డు మీద పోయినంత సమయమే. నలుగురు మనుషులకి నాలుగు టికెట్లు. కారుకైతే నలుగురైనా ఒకటే పెట్రోలు. డల్లాస్‌కి మాత్రం పధ్నాలుగు గంటల డ్రైవింగ్ అంటే మధ్యలో ఒక రాత్రి మోటెల్, వెళ్ళేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి. నాలుగు రోజుల సెలవులో రెండు రోజులు రోడ్డుకే పోతాయి. పిల్లలతో అయితే ఏడు గంటలు హద్దు పెట్టుకోండి. ఆ లోపు కారు, ఆ పైన విమానం. తూర్పు వైపు వెళ్తే గడియారం గంట ముందుకి జరుగుతుందని కూడా లెక్కేసుకోండి. ఇండియానాపొలిస్‌లో భోజనానికి పన్నెండింటికి వస్తామని చెప్పి ఒంటిగంటకి చేరి, చల్లారిన పప్పు తిన్న అనుభవం మాది.

ఏ రోజు బయల్దేరాలన్నదే అన్నిటికంటే ముఖ్యం. బుధవారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా రోడ్లు నరకం. తిరుగు ప్రయాణంలో ఆదివారం ఇంకా ఘోరం. 2024లో థ్యాంక్స్‌గివింగ్ తర్వాతి ఆదివారం, డిసెంబర్ 1న, ఒక్కరోజే 30 లక్షల మందికి పైగా ఎయిర్‌పోర్టుల్లో సెక్యూరిటీ దాటారు. అమెరికన్లు బుధవారమే ఎందుకు పరిగెత్తుతారంటే గురువారం పొద్దున్నే ఎవరో ఒకరి ఇంట్లో టర్కీ ఓవెన్‌లోకి వెళ్ళాలి, మధ్యాహ్నానికల్లా అందరూ బల్ల చుట్టూ ఉండాలి. మనవాళ్ళలో చాలామందికి ఆ బాధ్యత లేదు. మా పిన్ని కూతురింట్లో బిర్యానీ రాత్రి ఎనిమిదింటికి దించుతారు. అలాంటప్పుడు గురువారం పొద్దున ఆరింటికి బయల్దేరితే రోడ్డు మనదే. విమానమైనా అంతే, గురువారం పొద్దున టికెట్టు బుధవారం సాయంత్రం దానికంటే చాలాసార్లు తక్కువలో దొరుకుతుంది. తిరిగి శనివారం రండి. సెలవు దొరికితే మంగళవారం రండి. ఆదివారం మాత్రం వద్దు.

గురువారం రోడ్డు మీద తినడానికి మాత్రం ఏమీ ఆశించకండి. చాలా షాపులు మూసేస్తారు. పులిహోర కలుపుకుని బయల్దేరడమే. కారులో పులిహోర వాసన రెండు రోజులుంటుందని మావారు గొణుగుతారు, మొదట డబ్బా తెరిచేది ఆయనే.

టికెట్టు కొనే విషయంలో రెండు రూల్స్ మనకి ఉపయోగం. ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు నేరుగా ఎయిర్‌లైన్ దగ్గర కొంటే 24 గంటల్లోపు రద్దు చేసుకుని మొత్తం డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి ధర బాగుంటే ముందు కొనేసి, ఆ తర్వాత చుట్టాలకి ఫోన్ చెయ్యండి. రెండోది, దేశంలో తిరిగే విమానం వాళ్ళ వైపునుంచి రద్దయినా, మూడు గంటలకి మించి ఆలస్యమైనా, ప్రయాణం మానుకుంటే డబ్బు తిరిగివ్వాల్సిందే. వోచర్ ఇస్తామంటే ఒప్పుకోనక్కర్లేదు. బయటి వెబ్‌సైట్లలో నలభై డాలర్లు తగ్గుతుందని కొంటే ఇవన్నీ వాళ్ళ చుట్టూ తిరిగి సాధించుకోవాలి. నేను నేరుగానే కొంటాను.

చేతి సంచిలో ఏం పట్టుకెళ్ళాలో కూడా చెప్పాలి, ఎందుకంటే ఒక ఎయిర్‌పోర్టులో మా అత్తయ్యగారు పెట్టిన గోంగూర పచ్చడి సీసా నా కళ్ళముందే చెత్తబుట్టలో పడింది. పూసినా, పోసినా జారేది ఏదైనా సెక్యూరిటీ వాళ్ళ లెక్కలో ద్రవమే: పచ్చడి, నెయ్యి, పీనట్ బటర్, గ్రేవీ, క్రాన్‌బెర్రీ సాస్. 3.4 ఔన్సులు, అంటే వంద మిల్లీలీటర్లు దాటితే చెక్-ఇన్‌లో పెట్టాలి. గుమ్మడికాయతో చేసే ‘పై’ అనే పిండివంట మాత్రం చేతిలో పట్టుకుని దర్జాగా వెళ్ళొచ్చు, అరిసెలు, సున్నుండలు, కారప్పూస కూడా. కందిపొడి పెద్ద సీసా అయితే సంచిలోంచి తీసి విడిగా ట్రేలో పెట్టండి. ఐడీ కార్డు కూడా చూసుకోండి. 2025 మే 7 నుంచి దేశంలో విమానమెక్కాలన్నా రియల్ ఐడీ, అంటే ప్రభుత్వ ప్రమాణాలకి తగ్గ కార్డు, తప్పనిసరి అయింది, లైసెన్సు మీద నక్షత్రం గుర్తు ఉందో లేదో చూడండి. లేకపోతే ఇండియన్ పాస్‌పోర్టు సరిపోతుంది.

చుట్టాలెవరూ లేరు, కొండలకి పోదామంటే మిడ్‌వెస్ట్ తెలుగువాళ్ళందరికీ ఒకటే పేరు గుర్తొస్తుంది, టెన్నెసీ వైపున్న స్మోకీ మౌంటెన్స్ పార్కు. ప్రవేశ రుసుం లేదు, కాకపోతే 2023 నుంచి పదిహేను నిమిషాలకి మించి బండి ఆపితే పార్కింగ్ ట్యాగ్ కొనాలి. రోజుకి 5 డాలర్లు, వారానికి 15. కానీ అక్కడికి వెళ్ళేది ఆకుల రంగుల కోసమైతే థ్యాంక్స్‌గివింగ్ తప్పుడు వారం. అక్టోబర్ మధ్య నుంచి నవంబర్ మొదటివారం దాకానే ఆ ఎరుపు, పసుపు. నాలుగో వారానికి కొండలన్నీ బోడి. కేబిన్‌లో పదిమంది చేరి పేకాడుకోవడానికైతే ఏ వారమైనా ఒకటే. రంగులే కావాలంటే షికాగో వాళ్ళకి అక్టోబర్‌లో స్టార్వ్‌డ్ రాక్ పార్కు చాలు. తొంభై మైళ్ళు, పొద్దున వెళ్ళి సాయంత్రం రావచ్చు, హోటల్ ఖర్చుండదు. అక్టోబర్, నవంబర్ సాయంత్రాలు పల్లె రోడ్ల మీద జింకలు అడ్డమొస్తాయి, వాటి జత కట్టే కాలం అదే. నవంబర్ 1న గడియారం వెనక్కి తిప్పాక ఐదింటికే చీకటి. పొద్దుండగానే హైవే ఎక్కేయండి.

దానం: డబ్బాలా, డబ్బులా

అక్టోబర్ చివర్లో బడి నుంచి కాగితం వస్తుంది, పిల్లల చేత ఆహార డబ్బాలు పంపమని. మనం అలమారలో వెతికి, ఎప్పుడో కొని వాడని బీన్స్ డబ్బా తీసి పంపుతాం. పిల్లలకి ఇవ్వడం అలవాటవుతుంది కాబట్టి అది మానొద్దు. కానీ ఆకలి తీర్చడమే ఉద్దేశమైతే డబ్బే మేలు. లేనివాళ్ళకి తిండి పంచే ఫుడ్ బ్యాంకులు టోకున కొంటాయి, కంపెనీల దగ్గర మిగిలినవి తెస్తాయి. తమ నెట్‌వర్క్‌లో ఒక్క డాలర్ కనీసం పది భోజనాలకి సాయపడుతుందని ఫుడ్ బ్యాంకుల సంఘం ఫీడింగ్ అమెరికా చెబుతుంది. మనం డాలరున్నరకి కొన్న డబ్బా ఒక పూట కూర. డబ్బాలే పంపుతుంటే పీనట్ బటర్, ఉప్పు తక్కువున్న బీన్స్, బియ్యం పంపండి. మీరు తిననిది, గడువు దాటింది పంపడం దానం కాదు, అలమార సర్దుకోవడం.

మూడో దారి ఒళ్ళు వంచడం. మా పక్కూరు జెనీవాలో నార్తర్న్ ఇల్లినాయ్ ఫుడ్ బ్యాంక్ ఉంది. అలాంటి చోట రెండు గంటల షిఫ్టు తీసుకుంటే ఇంటిల్లిపాదీ నిలబడి ఉల్లిపాయలు, క్యారెట్లు సంచులకెత్తొచ్చు. నవంబర్‌లో అందరూ ఎగబడతారు, ఖాళీ దొరకదు. జనవరికి బుక్ చేసుకోండి, అప్పుడే మనుషులు కావాలి.

ఇక టాక్సు సంగతి. నేను టాక్సు లెక్కలు చూసే సీపీఏని కాదు, మా ఇంటి లెక్క చెబుతున్నానంతే. 2020, 2021 వదిలేస్తే ఇన్నాళ్ళూ స్టాండర్డ్ డిడక్షన్, అంటే ఖర్చులు విడిగా చూపకుండా ఇచ్చే మినహాయింపు, తీసుకునేవాళ్ళకి విరాళం వల్ల టాక్సులో పైసా తగ్గేది కాదు. 2026 నుంచి మారింది. భార్యాభర్తలు కలిపి ఫైల్ చేస్తే 2,000 డాలర్ల దాకా, ఒంటరిగా అయితే 1,000 దాకా విరాళం టాక్సు పడే ఆదాయంలోంచి అదనంగా తగ్గించుకోవచ్చు. అది డబ్బు రూపంలోనే ఇవ్వాలి, చెక్కు, కార్డు సరే, పాత బట్టలు లెక్కకి రావు. డోనర్ అడ్వైజ్డ్ ఫండ్‌లో, అంటే తర్వాత దానాలకి పంచడానికి డబ్బు దాచే ఖాతాలో, వేసినా రాదు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళకి ఇది నేరుగా లాభం, గుడికి ఇచ్చే నూటపదహార్లు కూడా ఇందులో కలుస్తాయి. మన గుళ్ళు చాలావరకు 501సీ3, అంటే టాక్సు మినహాయింపున్న సంస్థల కింద నమోదైనవే. అనుమానముంటే ఇక్కడి టాక్సు శాఖ ఐఆర్‌ఎస్ సైట్‌లో పేరు కొట్టి చూడండి.

సొంతిల్లున్నవాళ్ళు వేరే లెక్క వేసుకోవాలి. ఉదాహరణకి ఇద్దరి ఆదాయం రెండు లక్షల డాలర్లు. ఇల్లినాయ్ రాష్ట్రం టాక్సు 4.95 శాతం, సుమారు పదివేలు. ఇంటి పన్ను పన్నెండు వేలు. ఇంటి అప్పు వడ్డీ పదిహేను వేలు. మొత్తం ముప్ఫై ఏడు వేలు. 2026కి ఇద్దరి స్టాండర్డ్ డిడక్షన్ 32,200, కాబట్టి వీళ్ళకి ఐటమైజ్ చేయడమే, అంటే ఖర్చులు విడివిడిగా చూపడమే లాభం. రాష్ట్రం టాక్సు, ఇంటి పన్ను కలిపి చూపే పరిమితి పదివేల నుంచి నలభై వేలకి పెరిగాక ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. అయితే వీళ్ళకి ఈ ఏడాది నుంచి ఒక కోత ఉంది. ఆదాయంలో అర శాతం దాకా ఇచ్చిన విరాళం లెక్కలోకి రాదు. రెండు లక్షలకి అర శాతం అంటే వెయ్యి డాలర్లు. ఏటా పదిహేను వందలిస్తే ఐదొందలే పనికొస్తుంది. అదే రెండేళ్ళది కలిపి ఒకేసారి మూడు వేలిస్తే రెండు వేలు పనికొస్తుంది. ఇచ్చేది అంతే, ఇచ్చే ఏడాది మారిందంతే.

కంపెనీ షేర్లు ఏడాది దాటి పెట్టుకుని, అవి పెరిగి ఉంటే, ఐటమైజ్ చేసేవాళ్ళు వాటిని అమ్మకుండా అలాగే ఇచ్చేయడం అన్నిటికంటే మంచిది. లాభం మీద టాక్సు ఉండదు, నేటి విలువ మొత్తం విరాళం కింద లెక్కకొస్తుంది. దానికి బ్రోకర్ దగ్గర వారం పది రోజులు పడుతుంది, అందుకే థ్యాంక్స్‌గివింగ్ ముందే మొదలెట్టాలి. ఇక ఆఫీసు మ్యాచింగ్. మన ఐటీ వాళ్ళలో చాలామంది దీన్ని అడగరు. చాలాచోట్ల మీరు వందిస్తే కంపెనీ ఇంకో వందిస్తుంది. దాని గడువు ఒక్కో కంపెనీలో ఒక్కోలా ఉంటుంది, ఇప్పుడే చూడండి. థ్యాంక్స్‌గివింగ్ తర్వాత వచ్చే గివింగ్ ట్యూస్‌డే, ఈసారి డిసెంబర్ 1, 2012లో న్యూయార్క్‌లో మొదలైంది. ఆ రోజు కొన్ని సంస్థలకి దాతలెవరో రెట్టింపు చేస్తామంటారు. అలాంటిది మీరిచ్చే సంస్థకి ఉంటే ఆగండి, లేకపోతే ఆగే పని లేదు. ఒకేసారి 250 డాలర్లు గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఇస్తే సంస్థ నుంచి రాతపూర్వక రసీదు తప్పనిసరి. బ్యాంకు స్టేట్‌మెంట్ చాలదు.

ఇప్పుడు మన అసలు ప్రశ్న: ఇక్కడివ్వాలా, ఊరికి పంపాలా? ఊళ్ళో బడికి బెంచీలు చేయిస్తే ఇక్కడ టాక్సులో ఏమీ రాదు. తిరుమల హుండీకీ అంతే. అయినా వెయ్యి డాలర్లకి ఊళ్ళో కనిపించే పని ఇక్కడ కనిపించదు. నేను రెండు భాగాలు చేస్తాను. టాక్సు లెక్కకి పనికొచ్చే రెండు వేల దాకా ఇక్కడ, దానివల్ల తగ్గిన టాక్సు సొమ్ము ఊరికి. ఊళ్ళో ట్రస్టుకి పంపేముందు మీ పాస్‌పోర్టు రంగు చూసుకోండి. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే, భారత మూలాలున్నవాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఆ ట్రస్టుకి విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఇది తెలియక పంపితే చిక్కు మీకంటే పాపం ఆ ట్రస్టు వాళ్ళకి ఎక్కువ. డబ్బు బ్యాంకు ఖాతా నుంచో, ఇక్కడి డెబిట్ కార్డు నుంచో పంపండి. 2026 జనవరి నుంచి నగదు, మనీ ఆర్డర్ ఇచ్చి పంపితే ఒక శాతం పన్ను పడుతుంది.

గుమ్మడికాయ: ఏ పనికి ఏ కాయ

ఇదే నాకిష్టమైన భాగం, ఇందులోనే ఎక్కువ తప్పులు చేశాను.

తెలుగులో గుమ్మడికాయ అంటే రెండు కాయలు. కూరకి, పులుసుకి తియ్యగుమ్మడి. దిష్టికి, వడియాలకి బూడిదగుమ్మడి. అమెరికాలో ఆ ఒక్క పేరుతో అరడజను రకాలు అమ్ముతారు. గుమ్మం ముందు పోసిన పెద్ద నారింజ కాయలు మొహాలు చెక్కడానికి పెంచినవి. డొల్లగా, చెక్కు పల్చగా, లోపలంతా పీచు, నీళ్ళు. వచ్చిన మొదటి ఏడాది దాంతో దప్పళం పెట్టాను. ముక్కలు కరిగి నీళ్ళలో కలిసిపోయాయి, రుచి మాత్రం ఎటో పోయింది. వాటిలో తినదగ్గవి గింజలే. పీచు కడిగి, తుడిచి, నూనె, ఉప్పు, కారం పట్టించి ఓవెన్‌లో చిటపటలాడేదాకా వేయిస్తే టీ పక్కకి బ్రహ్మాండంగా ఉంటాయి.

దప్పళానికి బటర్‌నట్ కొనండి. మనూరి గుమ్మడి జాతి అదే, కండ గట్టిగా ఉండి, చింతపండు పులుసులో ఉడికినా ముక్క ముక్కగానే నిలుస్తుంది. చెక్కు తియ్యడమూ తేలిక. కబోచా అని జపాన్ కాయ ముదురాకుపచ్చగా ఉంటుంది, అది ఉడికిన చిలగడదుంపలా పొడిపొడిగా, తియ్యగా ఉంటుంది. ఆవపెట్టిన కూరకి, వేపుడుకి దాన్ని మించింది లేదు, చెక్కుతో సహా తినొచ్చు. పులుసులో వేస్తే విచ్చుకుపోతుంది. ‘పై’ గుమ్మడి అని చిన్నవి అమ్ముతారు, రెండు మూడు కిలోలవి. అవి మధ్యరకం, బటర్‌నట్ దొరక్కపోతే తీసుకోండి. బుట్టల్లో పెట్టుకునే మచ్చల కాయలు, బొడిపెల కాయలు అలంకారానికే. కొన్ని విషంలా చేదుగా ఉంటాయి. ఏ కాయ అయినా ముక్క నోట్లో వేసుకుంటే చేదనిపిస్తే కూర మొత్తం పారబోయండి, వండితే ఆ చేదు పోదు.

డబ్బా గుమ్మడి గురించి మనవాళ్ళకి చిన్నచూపు. అనవసరం. ఇల్లినాయ్‌లోనే మోర్టన్ అనే ఊరుంది, ప్రపంచ గుమ్మడి రాజధాని అని చెప్పుకుంటుంది. దేశంలో అమ్మే డబ్బా గుమ్మడిలో ఎక్కువ భాగం అక్కడి లిబ్బీస్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. అందులో వాడేది డికిన్సన్ రకం. పైకి నారింజ కాకుండా లేత గోధుమ రంగు, బటర్‌నట్‌కి దగ్గరి చుట్టం. అంటే మనూరి కాయకీ చుట్టమే. హల్వాకి నేను కోరేపని మానేసి డబ్బానే వాడుతున్నాను. పదిహేను ఔన్సుల డబ్బా ఒకటి, మూడు చెంచాల నెయ్యిలో వేసి సన్నసెగ మీద కలుపుతూ ఉండాలి. మొదట పచ్చివాసన, నీళ్ళు ఇగురుతుంటే గరిటె చుట్టూ బుడగలు. పది పన్నెండు నిమిషాలకి రంగు ఇటుకరాయిలా ముదిరి, గరిటెతో గీత గీస్తే గిన్నె అడుగు కనిపిస్తుంది. అప్పుడు అరకప్పు పంచదార, గుప్పెడు పాలపొడి, ఏలకులు. పంచదార ముందే వేస్తే ఎంతసేపైనా జావలాగే ఉంటుంది. థ్యాంక్స్‌గివింగ్‌కి పక్కింటివాళ్ళు పిలిచినప్పుడు నేను పట్టుకెళ్ళేది ఇదే. కొన్న ‘పై’ తీసుకెళ్తే అక్కడ ఇంకో మూడు ఉంటాయి.

డబ్బా కొనేటప్పుడు చీటీ చదవండి. ఉత్త గుమ్మడి డబ్బా పక్కనే, అదే సైజులో, అదే రంగులో ‘పై ఫిల్లింగ్’ అని ఇంకోటి ఉంటుంది. దాన్లో పంచదార, దాల్చినచెక్క, లవంగం అన్నీ కలిపేసి ఉంటాయి. ఒకసారి చూసుకోకుండా దాన్ని ముద్దపప్పు పులుసులో గుమ్మరించాను. ఇంగువ తాలింపు మీద దాల్చినచెక్క వాసన లేచేసరికి మా పెద్దాడు వంటింట్లోకి వచ్చి "అమ్మా, కేక్ చేస్తున్నావా?" అన్నాడు.

బూడిదగుమ్మడి చైనా దుకాణాల్లో, మన దుకాణాల్లో వింటర్ మెలన్ పేరుతో ఏడాదంతా ఉంటుంది, కానీ చాలాచోట్ల చక్రాలుగా కోసి అమ్ముతారు. కూరకి, మజ్జిగపులుసుకి ఆ ముక్క చాలు. ఆయుధపూజకి, కారుకి దిష్టి తియ్యడానికి, కొత్తింటి గుమ్మానికి కాయ మొత్తంగా కావాలి కదా, వారం ముందే చెప్పి తెప్పించుకోండి. వడియాల ఆలోచన మాత్రం ఇప్పుడు కట్టిపెట్టండి. ఇక్కడ ఎండ ఆగస్టుతో సరి. బతుకమ్మకి గుమ్మడి ఆకు, పువ్వు కావాలంటే పెరట్లో తీగ ఉన్నవాళ్ళని ఇప్పుడే మంచి చేసుకోండి. మా ప్రాంతంలో అక్టోబర్ మధ్యలో మొదటి మంచు పడితే తీగ ఒక్క రాత్రిలో నల్లబడిపోతుంది. పిందెలు పాడవకుండా మగపువ్వులే కోయమని మా అమ్మ ప్రతి ఏడాదీ ఫోన్లో గుర్తుచేస్తుంది. గౌరమ్మ పక్కన పెట్టడానికి ఒక్క పువ్వు చాలు.

తోటకెళ్ళి కొనాలా, షాపులోనా? పిల్లలు పదేళ్ళ లోపైతే ఒకసారి తోటకి వెళ్ళండి, ట్రాక్టరెక్కి, బురదలో ఫొటోలు దిగి రండి. ఆ ఖర్చు సరదాకి, కాయకి కాదు. మనిషికింత అని టికెట్టు తీసుకున్నాక కాయకి మళ్ళీ విడిగా డబ్బు. శనివారం మధ్యాహ్నం కాకుండా శుక్రవారం బడి వదిలాక వెళ్తే రద్దీ తక్కువ. రెండోసారి నుంచి షాపే చాలు. కాయ తొడిమ పట్టుకుని ఎత్తకండి, విరిగిన చోట కుళ్ళు మొదలవుతుంది. అడుగు భాగం వేలితో నొక్కి చూడండి, మెత్తగా దిగితే వదిలేయండి. చెక్కిన కాయ వారం, పది రోజులకి మించి ఉండదు. చెక్కకుండా చల్లటి చోట ఉంచితే నెల పైనే ఉంటుంది. అందుకే హాలోవీన్‌కి మూడు రోజుల ముందు చెక్కండి. లేదా చెక్కకుండా రంగు పెన్నులతో మొహం గీసి థ్యాంక్స్‌గివింగ్ దాకా గుమ్మంలో ఉంచుకోండి. ఉడతలు ఊరుకుంటాయని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

హాలోవీన్ రాత్రి పిల్లలు ఇల్లిల్లూ తిరిగి మిఠాయిలు అడుగుతారు కదా, దానికోసం ఒక కాయకి నీలాకుపచ్చ రంగు వేసి పెట్టడం కూడా ఇక్కడి అలవాటు. ఆ ఇంట్లో తినేవి కాకుండా పెన్సిళ్ళు, స్టిక్కర్లు లాంటివి కూడా ఇస్తారని గుర్తు, వేరుశనగ లాంటి ఎలర్జీలున్న పిల్లల కోసం. శాకాహారుల పిల్లలకీ అది వరమే. గమ్మీల్లో, మార్ష్‌మెల్లోల్లో జిలాటిన్ ఉంటుందని ప్రతి ఇంటిముందూ చెప్పలేం కదా. మేం ఆ కాయ పెట్టినప్పటినుంచీ కాలనీలో పిల్లలు మా గుమ్మం దాటిపోవడం లేదు.

రెండేళ్ళ కిందట మా అమ్మ వచ్చినప్పుడు, మా చిన్నాడు కోరలు పెట్టి చెక్కిన మొహం చూసి "ఇది దిష్టిబొమ్మేగా, మీరు కొత్తగా కనిపెట్టినట్టు చెబుతారేంటి" అంది. ఐర్లండ్ వాళ్ళు మొదట్లో టర్నిప్ దుంపలకి ఇలాగే మొహాలు చెక్కేవారని చెబితే, "దెయ్యాలకి ఏ ఊరైతేనేం" అని కొట్టిపారేసింది.

హాలోవీన్ అయ్యాక ఆ కాయల్ని చెత్తబండిలో వెయ్యకండి. మా వైపు హాలోవీన్ తర్వాతి శనివారం, ఈసారి నవంబర్ 7, ఎరువు చేయడానికి గుమ్మడికాయలు పోగుచేస్తారు. కొన్నిచోట్ల పిల్లల్ని నేలకేసి పగలగొట్టనిస్తారు కూడా. మా అమ్మని తీసుకెళ్తే, వరసలో నిలబడి, తన వంతు వచ్చాక కాయని మూడుసార్లు తిప్పి మరీ పగలగొట్టింది. తీసుకెళ్ళే ముందు లోపల కొవ్వొత్తి, మైనం తీసెయ్యాలి. రంగులు, మెరుపులు అంటించిన కాయలు వాళ్ళు తీసుకోరు.